ఏ పవర్ దగ్గర కొలిచారు? ప్యాసివ్ ట్యాగు చిప్‌లపై అపోహలు - వాస్తవాలు

రీడర్‌కు ఆనించి పెడితే చక్కగా చదవబడి, కాస్త దూరం జరిపితే మూగబోయే యూహెచ్‌ఎఫ్ ప్యాసివ్ ట్యాగులను (బ్యాటరీ లేకుండా, రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే పనిచేసే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులను) పట్టుకుని యువ ఇంజనీర్లు తరచూ నా దగ్గరకు వస్తుంటారు. చిప్‌ను మళ్లీ మొదటి నుంచి చేయించాల్సి వస్తుందేమోనన్న బెంగ వారిది. ఆ బెంగ నాకు అనుభవమే. వారి రిపోర్టులో చిప్ ఇంపిడెన్స్ (రేడియో సిగ్నల్‌కు చిప్ చూపే విద్యుత్ నిరోధం) ఒకే అంకెగా ఉంటుంది. ఏ పవర్ దగ్గర కొలిచారో మాత్రం ఉండదు.

అపోహ: చిప్ ఇంపిడెన్స్ స్థిరం, ఒకసారి కొలిచి యాంటెన్నాను మ్యాచ్ చేస్తే (పవర్ వెనక్కి పోకుండా చిప్‌కు సరిపడేలా చేస్తే) చాలు.

వాస్తవం: ట్యాగు ముఖద్వారంలో ఉన్నది రెక్టిఫయర్, అంటే రేడియో సిగ్నల్‌ను డీసీగా మార్చే సర్క్యూట్. వచ్చే పవర్ మారినా, వెనకున్న లోడ్ తీసుకునే కరెంటు మారినా దాని ఇంపిడెన్స్ మారుతుంది. 915 మెగాహెర్ట్జ్ దగ్గర 4 వాట్ల ఈఐఆర్‌పీతో (యాంటెన్నా గెయిన్‌ను కూడా కలిపి లెక్కించే పవర్‌తో) ప్రసారం చేసే రీడర్ నుంచి, అడ్డంకులు లేని 10 మీటర్ల దూరంలో, 2 డీబీఐ గెయిన్ యాంటెన్నా ఉన్న ట్యాగుకు అందేది సుమారు మైనస్ 14 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత), అంటే 40 మైక్రోవాట్లు. చాలా రెక్టిఫయర్లలో అందులో సగం కూడా డీసీగా మారదు. మ్యాచింగ్ సరిగ్గా ఉండాల్సింది రీడింగ్ దూరపు ఈ అంచు దగ్గరే. ఇక్కడ సగం పవర్ వెనక్కి పోతే రీడింగ్ దూరం దాదాపు 30 శాతం తగ్గిపోతుంది.

నా తొలి చిప్‌ను, నెట్‌వర్క్ అనలైజర్‌పై అంతకుముందు వేరే పనికి పెట్టి ఉన్న 10 డీబీఎం (10 మిల్లీవాట్ల) సెట్టింగ్‌తోనే కొలిచాను. ఆ పవర్‌కు లిమిటర్ (అధిక పవర్ నుంచి చిప్‌ను కాపాడే సర్క్యూట్) తెరుచుకుని కరెంటును గ్రౌండ్‌కు మళ్లిస్తోందని, నాకు వచ్చిన అంకెలో దాని ప్రభావమే ఎక్కువని గ్రహించక, రెండు వారాలు చిప్‌లోని ఇతర భాగాలైన రెగ్యులేటర్‌ను, పవర్-ఆన్ రీసెట్‌ను అనుమానించాను. చివరకు చిప్ లోపలికి నిజంగా వెళ్లే పవర్‌ను, వెనక్కి వచ్చే భాగాన్ని తీసివేసి లెక్కించి, చిప్ మేల్కొనే స్థాయి దగ్గర మళ్లీ కొలిచాను. యాంటెన్నాను మాత్రమే మార్చాం. సిలికాన్‌ను ముట్టుకోవలసిన అవసరం రాలేదు.

ప్యాడ్, ఈఎస్‌డీ (స్టాటిక్ విద్యుత్ నుంచి రక్షణ), అసెంబ్లీ కెపాసిటెన్స్‌లను "అవి ఎంతలే" అని వదిలేయడం కూడా ఈ అపోహకు తోబుట్టువే. 1 పికోఫారడ్ ఉన్న చిప్‌కు మరో 0.1 పికోఫారడ్ చేరితే, అదే యాంటెన్నాతో రెజొనెన్స్ (ట్యాగు బాగా స్పందించే ఫ్రీక్వెన్సీ) 915 నుంచి సుమారు 872 మెగాహెర్ట్జ్‌కు జారుతుంది. అమెరికాలో ఈ ట్యాగులు వాడే బ్యాండ్ వెడల్పే 26 మెగాహెర్ట్జ్.

మిగిలినవి క్లుప్తంగా. రెక్టిఫయర్‌కు స్టేజ్‌లు పెంచితే వోల్టేజ్ ఎప్పుడూ పెరుగుతుందన్నది తప్పు. ప్రతి స్టేజ్ తన నష్టాన్నీ, కెపాసిటెన్స్‌నూ తెస్తుంది. రీడర్ పవర్‌ను రెట్టింపు చేస్తే దూరం రెట్టింపు కాదు. ట్యాగుకు అందే పవరే హద్దయిన చోట సుమారు 1.4 రెట్లు మాత్రమే పెరుగుతుంది. రీడర్‌కు మరీ దగ్గరగా పెడితే చిప్ కాలిపోతుందేమోనని భయపడేవారికి ఒక్క మాట: లిమిటర్ ఉన్నది అందుకే. అయితే అది అంచు దగ్గర కరెంటును లీక్ చేయకూడదు, కాబట్టి దాని లీకేజ్‌ను కూడా ఆ 40 మైక్రోవాట్ల స్థాయి దగ్గరే పరీక్షించండి.