ఆవిరి బస్సుకు టోల్ గేటే అడ్డుపడింది

రోడ్డు మీదికి కొత్త రకం బండి వచ్చిన ప్రతిసారీ రోడ్డు పాడైతే ఎవరు భరించాలి, టోల్ ఎంత కట్టాలి అన్న పేచీ మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో ఈ పేచీ 1830ల్లోనే ముదిరింది. అప్పటి కొత్త బండి ఆవిరి బస్సు.

1831లో సర్ చార్లెస్ డాన్స్ గ్లోస్టర్, చెల్టెన్‌హామ్ ఊళ్ళ మధ్య ఆవిరి బండ్లు నడిపాడు. వాటిని తయారుచేసిన గోల్డ్స్‌వర్తీ గర్నీ అంతకుముందు డాక్టరు. నాలుగు నెలల్లో దాదాపు 3,000 మంది ఎక్కారు. జూన్‌లో దారికి అడ్డంగా కంకర గుట్టలు పోశారు, వాటిని దాటబోయి బండి ఇరుసు విరిగింది. సర్వీసు అంతటితో ఆగిపోయింది.

కంకర కంటే టోల్ పెద్ద దెబ్బ. రోడ్లు అప్పట్లో టోల్ వసూలు చేసుకునే ట్రస్టుల చేతిలో ఉండేవి. లివర్‌పూల్, ప్రెస్కాట్ మధ్య గుర్రాల బండికి 4 షిల్లింగులైతే (అప్పటి బ్రిటిష్ నాణెం) ఆవిరి బండికి 48! అదే ఏడాది పార్లమెంటు కమిటీ విచారణ జరిపి, ఈ బండ్ల వల్ల ప్రమాదం లేదనీ, గుర్రపు డెక్కలకంటే వెడల్పాటి చక్రాలే రోడ్డుకు నయమనీ తేల్చింది. అయినా టోల్ భారం తగ్గలేదు. నా దృష్టిలో ఇది పచ్చి అన్యాయం.

ఇంత ఒత్తిడిలోనూ పట్టు వదలనివాడు వాల్టర్ హాన్‌కాక్. లండన్ పక్కన స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆయన వర్క్‌షాపు. 1833 ఏప్రిల్‌లో ఆయన బస్సు 'ఎంటర్‌ప్రైజ్' లండన్ వాల్ అనే వీధి నుంచి ఆ నగరంలోనే ఉన్న ప్యాడింగ్టన్‌కు తిరిగింది. ముందు స్టీరింగ్ పట్టుకున్న మనిషి, వెనక బాయిలర్ దగ్గర కోకు (బొగ్గు నుంచి తీసే ఇంధనం) వేస్తూ వేడిలో మాడిపోయే ఫైర్‌మన్, ఇంజన్ చూసుకునే ఇంకొకరు. బాయిలర్‌ను ఒకే పెద్ద డ్రమ్ములా కాకుండా పల్చటి రేకుల అరలుగా పక్కపక్కన పేర్చాడు. ఒక అర చిల్లుపడినా నీళ్ళు కారిపోయేవే తప్ప మొత్తం పేలేది కాదు. ఒకసారి మాత్రం ఒక పనివాడు, ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్‌ను తీగతో కట్టేసి మంట పెంచాడు. బాయిలర్ పగిలి ప్రాణం పోయింది. 1836లో హాన్‌కాక్ 20 వారాల్లో 12,000 మందికి పైగా ప్రయాణికులను చేరవేశాడు. ఈ పని మీద ఇంకెవరికీ ఇంత అనుభవం లేదు.

భయపడేవాళ్ళను తప్పుపట్టలేం. 1834లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో, పైస్లీ దారిలో ఇంజనీరు జాన్ స్కాట్ రస్సెల్ బండి చక్రం విరిగి బాయిలర్ పేలింది, ప్రయాణికులు చనిపోయారు. పెట్టుబడిదారులు కూడా అప్పటికే రైళ్ళ వైపు వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది చట్టం. 1865 చట్టం రోడ్డు మీది ఆవిరి బండ్ల వేగాన్ని ఊళ్ళో గంటకు 2 మైళ్ళకు, బయట 4 మైళ్ళకు కట్టేసింది. బండికి ముగ్గురు ఉండాలి, ఒకడు ఎర్రజెండా పట్టుకుని 60 గజాల ముందు నడవాలి. అలాంటి బస్సు ఎవరు ఎక్కుతారు? 1896 దాకా ఈ సంకెళ్ళు పూర్తిగా తెగలేదు. ఆ తర్వాత 1909లో థామస్ క్లార్క్‌సన్ కంపెనీ కిరోసిన్‌తో నడిచే ఆవిరి బస్సులను లండన్ వీధుల్లోకి తెచ్చింది. అవి బాగానే నడిచాయి. కానీ పెట్రోలు బస్సులు అప్పటికే పాతుకుపోతున్నాయి. 1919లో క్లార్క్‌సన్ బస్సులూ లండన్‌లో ఆగిపోయాయి.