మందుల కవరు మీద రాత: అపోహలు - వాస్తవాలు

అపోహ: కవరు మీద 1-0-1 అని గీకేస్తే చాలు.

వాస్తవం: అది మందుల షాపులో కౌంటర్ ఇవతల ఉన్న మన భాష. ఇంట్లో అవ్వకో తాతకో ఆ సున్నా అంటే మధ్యాహ్నం వద్దని తెలియదు. ‘ఉదయం 1, రాత్రి 1, తిన్నాక, 5 రోజులు’ అని తెలుగులో రాయడానికి ఎంతసేపు పడుతుంది? చదువు రానివాళ్లకు సూర్యుడు, చంద్రుడి బొమ్మలు వేయండి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అయితే మరీ జాగ్రత్త. అది వారానికి ఒక్కసారే. రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ‘ప్రతి ఆదివారం మాత్రమే’ అని వారం పేరుతో సహా రాయాలి. దానితో పాటు వాడే ఫోలిక్ యాసిడ్ కూడా చాలావరకు చిన్న పసుపు మాత్రే. రెండూ ఒకే కవరులో వేయొద్దు.

అపోహ: స్ట్రిప్ ఎటు నుంచి కత్తిరించినా ఒకటే.

వాస్తవం: బ్యాచ్ నంబరు, గడువు చాలా స్ట్రిప్పుల మీద ఒక చివరే ఉంటాయి. షాపులో మిగిలే ముక్క మీద అవి ఉండేలా కత్తెర రెండో చివర నుంచి పడాలి. అయినా కొన్నవాళ్ల చేతిలోకి వెళ్లే ముక్క మీద గడువు ఉండదు కాబట్టి మందు పేరు, మోతాదు, బ్యాచ్, గడువు కవరు మీదికి ఎక్కించాలి. 08/2026 అంటే 2026 ఆగస్టు 31 దాకా అని అర్థం.

అపోహ: డ్రై సిరప్ (నీళ్లు కలిపి వాడే పొడి మందు) సీసా మీద గడువు ఇంకా ఏడాది ఉంది, దాచుకోవచ్చు.

వాస్తవం: ఆ తేదీ పొడికి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ ఒకసారి కలిపాక ఫ్రిజ్‌లో పెట్టినా 7 రోజులే. కలిపిన తేదీ సీసా మీదే రాయండి, అట్టపెట్టె ఇంటికి వెళ్లగానే చెత్తబుట్టలో పడుతుంది. కలపడంలోనూ తప్పు జరిగేది ఒకచోటే: నురగ సీసా మీది గీతను తాకగానే నిండిందనుకుంటారు. నురగ దిగాక చూస్తే నీళ్లు తక్కువ, అంటే ప్రతి మోతాదూ ఘాటు. పొడి గడ్డకట్టకుండా సీసాను తట్టి, కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి, బాగా కుదిపి, నురగ అణిగాక గీత దాకా నింపాలి. ‘1 చెంచా’ అని రాయొద్దు, ‘5 మి.లీ.’ అని రాసి కొలత మూత చూపించండి.

అపోహ: స్ట్రిప్ మీది ఎర్ర గీత కంపెనీ డిజైన్.

వాస్తవం: డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని గుర్తు. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 (మరింత కట్టడితో అమ్మాల్సిన మందుల జాబితా) మందులకైతే డాక్టర్, రోగి వివరాలతో వేరే రిజిస్టరు, అది 3 ఏళ్లు దాచాలి.

అపోహ: చుక్కలు, సున్నాలు చూసేవాళ్లకు తెలిసిపోతాయి.

వాస్తవం: .5 లో చుక్క మసకబారితే 5, 5.0 లో పోతే 50. అందుకే 0.5 అని, 5 అని మాత్రమే రాస్తాం. ఇన్సులిన్‌కు యూనిట్లు అనడానికి ఇంగ్లిషు ‘యూ’ (U) అక్షరం అసలు వాడొద్దు, సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయండి.