పగ్గాలు లేని బండి: స్లెడ్ కుక్కల గురించి అపోహలు, వాస్తవాలు

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర ఒక కెన్నెల్‌లో, అంటే కుక్కల పెంపకశాలలో, స్లెడ్ కుక్కల ఆలనాపాలనా నా ఉద్యోగం. స్లెడ్ అంటే మంచు మీద జారే, చక్రాలు లేని బండి. తిండి పెట్టడం, పెంట ఎత్తడం, పాదాలు చూడటం, మంచు పడ్డాక జట్టు కట్టి పరుగు సాధన చేయించడం. స్లెడ్ నడిపే మనిషిని ఇక్కడ మషర్ అంటారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బంధువులు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం సినిమాల పుణ్యం, మిగతా సగం జాలి. అందరికీ కలిపి ఇదే జవాబు.

అపోహ: కొరడాతో కొట్టి పరుగెత్తిస్తారు.

వాస్తవం: జట్టు కట్టే సమయానికి ఒక్కసారి మా యార్డులో నిలబడితే చాలు, ఈ అనుమానం తీరిపోతుంది. కుక్క ఒంటికి తొడిగే హార్నెస్ అనే పట్టీల జీను చేతిలో కనిపించగానే గోల మొదలవుతుంది. తనను ఎక్కడ వదిలేసి వెళ్తారోనని ప్రతి కుక్కా గాల్లోకి ఎగురుతుంది. కట్టినవి కూడా ఊరుకోవు. ఒకటి తాడు కొరుకుతుంది, ఒకటి ముందుకు దూకుతుంది, ఇంకొకటి పక్కదాని చెవిలో అరుస్తుంది. అందుకే స్లెడ్‌ను ముందుగానే చెట్టుకో స్తంభానికో గట్టిగా కట్టేస్తాం. అది చాలదన్నట్టు స్నో హుక్ అనే ఇనుప కొక్కేన్ని కాలితో తొక్కి మంచులో దిగేస్తాం. ఈ పనిలో చేరినవాళ్లకు మొదట నేర్పేది ఆపడం. రెండోది, స్లెడ్ మీద నుంచి పడినా చేయి వదలకపోవడం. మనం పడ్డామని జట్టు ఆగదు మరి.

ఎడ్లబండికి పగ్గాలుంటాయి, ముల్లుగర్ర ఉంటుంది. ఇక్కడ అవేమీ లేవు. పెద్ద జట్టయితే ముందున్న కుక్కకూ మనిషికీ మధ్య పదిహేను, ఇరవై మీటర్ల దూరం. మషర్ దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే. ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకు, ‘వో’ అంటే ఆగమని. ఎదురుగాలి వీస్తే ఆ గొంతు కూడా సరిగా చేరదు. మనసు లేని కుక్కను వంద మైళ్లు బలవంతంగా లాగించడం ఎవరి వల్లా కాదు. నడుము నుంచి వచ్చే తాడు వదులైతే అది లాగడం మానేసిందని వెనక నుంచి ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: అన్నీ నీలికళ్ల బొచ్చు హస్కీలే.

వాస్తవం: మన నగరాల్లో ఏసీ గదుల్లో పెరిగేవి సైబీరియన్ హస్కీలు. దూరపు పందేల్లో పరుగెత్తేవి ఎక్కువగా అలాస్కన్ హస్కీలు. కుక్కల జాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్బుల గుర్తింపు వాటికి లేదు. అందం సంగతి పక్కనపెట్టి, పని ఒక్కటే చూసి తరతరాలుగా కలుపుతూ వచ్చిన రకం. బరువు 20-25 కిలోల వరకు, సన్నని నడుము, పొడుగు కాళ్లు. ఫొటోలు చూసి ‘ఇవి మన వీధి కుక్కల్లాగే ఉన్నాయే’ అన్నవాళ్లున్నారు. నాకేమీ కోపం రాలేదు.

అపోహ: మంచులో బయట పడుకోబెట్టడం క్రూరత్వం.

వాస్తవం: మా పిన్ని ఇప్పటికీ “వాటికి చలి వేయదురా?” అని అడుగుతుంది. రెండు పొరల బొచ్చు, కింద ఎండుగడ్డి, ముక్కు మీద కప్పుకున్న తోక. మైనస్ 20 డిగ్రీల్లో అవి సుఖంగా నిద్రపోతాయి. పరుగులో వాటిని ఇబ్బంది పెట్టేది వేడి. వాతావరణం సున్నా డిగ్రీల దగ్గరికి వస్తే మేం మధ్యాహ్నం పరుగు మానేసి రాత్రికి మారుస్తాం. పందెం రోజుల్లో ఒక్కో కుక్క రోజుకు 10,000 కేలరీలకు పైగా ఖర్చు చేస్తుంది. కొవ్వు దండిగా ఉన్న మాంసం పెట్టకపోతే ఆ లెక్క తేలదు.

అంతా బాగుందని మాత్రం చెప్పను. 1973 నుంచి జరుగుతున్న ఇడిటరాడ్ పందెం దాదాపు వెయ్యి మైళ్లు. 2024లో అక్కడ మూడు కుక్కలు చనిపోయాయి. గొలుసులతో కట్టి ఉంచడం మీద కూడా విమర్శలున్నాయి, వాటిలో ఆలోచించవలసినవీ ఉన్నాయి. పందేనికి ముందు ఈసీజీ, రక్తపరీక్ష చేస్తారు, మజిలీల దగ్గర పశువైద్యులు ఉంటారు. అలసినదాన్ని అక్కడే వదిలితే చిన్న విమానంలో వెనక్కి పంపుతారు. దాని బదులు ఇంకొకదాన్ని కట్టే వీలు లేదు. అలాంటప్పుడు జట్టు బలం తగ్గుతుందని తెలిసి కూడా ఒక కుక్కను దింపేశాడా లేదా అన్నదాన్ని బట్టే నేను మషర్‌ను అంచనా వేస్తాను. ట్రోఫీలు చూసి కాదు.

అపోహ: జట్టుకు ముందు నడిచే లీడర్ అంటే అన్నిటికన్నా బలమైన కుక్క.

వాస్తవం: బలం కావలసింది స్లెడ్‌ను అంటిపెట్టుకుని ఉండే వీల్ కుక్కలకు. లీడర్‌కు కావలసింది బుర్ర, ధైర్యం, అవసరమైతే మనిషి మాట కాదనే తెగువ. ఇడిటరాడ్‌ను నాలుగుసార్లు గెలిచిన సుసాన్ బుచర్ తన లీడర్ టెక్లా గురించి ఒక సంఘటన చెప్పేవారు. ఆమె ఎంత చెప్పినా టెక్లా దారి వదిలి పక్కకే లాగిందట. చివరికి ఆమె సరేనంది. కాసేపటికే వాళ్లు వెళ్లవలసిన దారి నదిలోకి కుంగిపోయింది. పాదాల కింద మంచు పలచబడటం వెనక నిలబడ్డ మనిషికి ఎలా తెలుస్తుంది? అందుకే మంచి లీడర్ ఆగిపోతే అరవకుండా, ముందుకు నడిచి వెళ్లి చూడమని మాకు చెబుతారు.

అపోహ: ముప్పై, నలభై కుక్కలున్న మనిషికి ఒక్కదాని మీద ప్రేమేమిటి?

వాస్తవం: నాకు అన్నిటికన్నా కష్టం కలిగించే మాట ఇదే. ఈ ప్రేమ ఒడిలో కూర్చోబెట్టుకుని ముద్దు చేయడంలో పుట్టదు, పాదాల దగ్గర పుడుతుంది.

వేళ్ల సందుల్లో మంచు గడ్డకట్టి చర్మం కోసుకుపోకుండా ప్రతి పాదానికీ గుడ్డ బూటీ తొడగాలి. చేతి తొడుగులతో ఆ పని కాదు, తీయాలి. మైనస్ 30లో వేళ్లు క్షణాల్లో మొద్దుబారతాయి. పట్టీ బిగిస్తే రక్తం ఆగి పాదం వాస్తుంది, వదులైతే అర మైలులో ఊడిపోతుంది. ఒక్కో కుక్కకు నాలుగు పాదాలు, ఒక్కో పాదానికి ఒక్కో తీరు. కొత్త కుక్క కాలు లాగేసుకుంటుంది. మనల్ని నమ్మిన కుక్క ఒకటి తొడగగానే రెండోది తానే ఎత్తి ఇస్తుంది. మజిలీకి చేరాక మషర్ చేసే పనుల వరుస కూడా గమనించండి. ముందు బూటీలు తీయడం, గడ్డి పరవడం, మంచు కరిగించి వేడి గంజి లాంటి మాంసం పులుసు పోయడం, పాదాలకు మందు రాయడం, వాచిన మణికట్లు మర్దన చేయడం. ఆ తరువాతే తన తిండి, ఉంటే ఓ గంట కునుకు.

ఈ వృత్తిలో అందరూ చెప్పుకునే జంట లియోన్‌హార్డ్ సెప్పాలా, టోగో. నార్వేలో పుట్టి అలాస్కాకు వచ్చిన సెప్పాలా, చిన్నప్పుడు జబ్బుపడి పనికిరాదనిపించిన టోగోను పెంచుకోమని వేరేవాళ్లకు ఇచ్చేశాడు. అది కిటికీ అద్దంలోంచి దూకి తిరిగి వచ్చేసింది. 1925 జనవరిలో నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వ్యాపించినప్పుడు నెనానా నుంచి 674 మైళ్ల దారిలో 20 మంది మషర్లు చేతులు మార్చుకుంటూ మందు చేరవేశారు. చివరి అంచెలో గున్నార్ కాసెన్ జట్టును నడిపించిన బాల్టోకు పేరు వచ్చింది, అదే ఏడాది న్యూయార్క్‌లో విగ్రహమూ వచ్చింది. మందుకు ఎదురెళ్లడం, దాన్ని మోయడం కలిపి సెప్పాలా జట్టు దాదాపు 260 మైళ్లు తిరిగింది. నార్టన్ సౌండ్ అనే సముద్రపు పాయ మీది గడ్డమంచును కూడా దాటింది. ముందు నడిచింది పన్నెండేళ్ల టోగో. బాల్టో కూడా సెప్పాలా కెన్నెల్ కుక్కే అయినా, పేరంతా దానికే దక్కడం ఆయన్ను బాధపెట్టింది. నా ఓటు టోగోకే. అలాగని బాల్టోను తక్కువ చేయనక్కర్లేదు, ఆ తుపానులో అది దారి తప్పలేదు.

అపోహ: ముసలివైతే వదిలించుకుంటారు.

వాస్తవం: అలా చేసినవాళ్లు ఉన్నారు, కాదనను. మంచి కెన్నెళ్లలో ఎనిమిది, పదేళ్లు దాటినవి కొన్ని ఇళ్లకు పెంపకానికి వెళ్తాయి, కొన్ని మషర్ ఇంట్లో పొయ్యి పక్కన సోఫాను ఆక్రమించుకుంటాయి. పాత లీడర్లకు మా దగ్గర ఇంకా ఉద్యోగం ఉంది. కుర్రకుక్కల జట్టుకు ముందు కట్టి రెండు మూడు మైళ్లు తిప్పుతాం. ఆ కుర్రవి దారి పక్కన ఉడుత కనబడిందని తాళ్లన్నీ చిక్కు పెట్టుకుంటాయి. మేం వెనక నుంచి గొంతు చించుకున్నా వినవు. ముసలిది ఒక్కసారి తల తిప్పి గుర్రుమంటే అన్నీ వరుసలోకి వస్తాయి.