క్యాంపస్‌లో చదువుకునే చోట్లు: అపోహలు - వాస్తవాలు

గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కైన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టిన కొంకుదురు మా గోదావరి డెల్టాలోదే. ఇలాంటి నేల మీద ఇరవై ఏళ్లుగా కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. ఎక్కడికెళ్లినా ఇవే మాటలు వింటున్నాను.

అపోహ: ఫోన్లు వచ్చాక లైబ్రరీకి ఎవరూ రావడం లేదు.

వాస్తవం: ఇది ఇష్యూ రిజిస్టరు చూసి అనే మాట. కుర్చీలు లెక్కపెట్టండి. ఇంటర్నల్స్ ముందు మా రీడింగ్ హాల్లో ఫ్యాను కింద సీటు దొరకదు. చాలామంది తమ జిరాక్సులు తామే తెచ్చుకుంటారు. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఒక టీవీ. వాళ్లకు మా దగ్గర కావలసింది బల్ల, లైటు, ప్లగ్గు. గ్రంథాలయం పెరిగే ప్రాణి అని గ్రంథాలయ శాస్త్రానికి సూత్రాలు రాసిన రంగనాథన్ 1931లోనే రాశారు. పెరగాల్సింది బీరువాలే కాదు, కుర్చీలు కూడా.

అపోహ: మాట్లాడుకుంటున్నారంటే చదవడం లేదనే.

వాస్తవం: క్లాసులో తలకెక్కని థర్మోడైనమిక్స్ లెక్క పక్కవాడు చెబితే ఎక్కుతుంది. చెప్పినవాడికి ఇంకా గట్టిగా నిలుస్తుంది. పాత పేపర్లు పడేసే వరండా ఖాళీ చేయించి రెండు పొడవాటి బల్లలు, ఒక బోర్డు, ఒక జంక్షన్ బాక్సు పెట్టాం. లోపల హాల్లో గుసగుసలు వాటంతటవే తగ్గాయి. నిద్రగన్నేరు కింద అరుగు చేసే పనీ ఇదే. నేను ఇదివరకు పనిచేసిన ఒక కాలేజీలో, కబుర్లు ఎక్కువయ్యాయని అలాంటి అరుగులు పగలగొట్టించారు. పిల్లలు మెట్ల మీదికి చేరారు. ఆపలేకపోయానన్న బాధ ఇంకా ఉంది.

అపోహ: ఏసీ పెడితే పుస్తకాలకు ఢోకా లేదు.

వాస్తవం: గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు పడుతుంది. పగలు వేసి రాత్రి ఆపేసే ఏసీతో ఇంకా కష్టం, చల్లబడ్డ అట్టల మీద చెమ్మ చేరుతుంది. ముసురు రోజుల్లో బీరువాలను గోడకు జానెడు ఎడంగా జరపండి.

అపోహ: ఆడపిల్లలకు సాయంత్రం కూర్చుని చదివే ఓపిక ఉండదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. హాస్టల్ గేటు వేసే టైము, లైబ్రరీ మూసే టైము ఒకే కాగితం మీద రాసి చూడండి. మా దగ్గర అప్పట్లో గేటు ఏడింటికి, లైబ్రరీ తొమ్మిదింటికి. అంటే ఆ రెండు గంటలూ మగపిల్లలవే. ఏడాది పాటు అడగ్గా అడగ్గా దారి పొడవునా లైట్లు వేశారు, బాత్రూముకు గడియ పెట్టారు, గేటు టైము తొమ్మిదింపావుకు జరిపారు. నెల తిరగకుండా కిటికీ పక్క వరుసంతా అమ్మాయిలే. రావులపాలెం, అమలాపురం బస్సు పిల్లలకు ఇది ఉపయోగపడలేదు, ఆఖరి బస్సు దాటితే వాళ్లకు ఇల్లు చేరే దారి లేదు. అందుకని వాళ్ల కోసం ఉదయం ఎనిమిదింటికే తలుపులు తీస్తున్నాం. మొదటి బస్సు దిగి నేరుగా మా దగ్గరికే వస్తున్నారు.