బ్యాక్ బటన్ ఫోకస్: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, కర్నూలులో మా స్టూడియోకి కుర్రాళ్లు కెమెరా పట్టుకుని వస్తూనే ఉంటారు. "అన్నా, లెన్స్ పోయింది, ఫోకస్ పట్టడం లేదు" అంటారు. చూస్తే లెన్స్ బాగానే ఉంటుంది. ఎవరో చెప్పారని బ్యాక్ బటన్ ఫోకస్ పెట్టుకుని ఉంటారు, అంటే ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి తీసి కెమెరా వెనక బొటనవేలి దగ్గరుండే బటన్‌కి ఇవ్వడం. ఆ చెప్పినవాళ్లు సగమే చెప్పి ఉంటారు.

అపోహ: ఏఎఫ్-ఆన్ (వెనక ఉండే ఆ ఫోకస్ బటన్) ఒకసారి నొక్కి వదిలేస్తే మనిషి మీద ఫోకస్ లాక్ అయిపోతుంది.

పెళ్లి ఫొటోలను ఎక్కువగా పాడు చేస్తున్నది ఇదే. బొటనవేలు తీయగానే లెన్స్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. లాక్ అయ్యేది ఆ దూరం. తర్వాత పెళ్లికూతురు కదిలినా, మీరు కదిలినా కెమెరా పట్టించుకోదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 85 ఎంఎం లెన్స్ వేసి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 1.8లో 2 మీటర్ల నుంచి తీస్తే షార్ప్‌గా వచ్చే మేర ముందూ వెనకా కలిపి సుమారు 6 సెంటీమీటర్లే. తలంబ్రాలప్పుడు అమ్మాయి దోసిలెత్తి ముందుకు వంగితే అంతలోనే జానెడు దూరం మారిపోతుంది. మొన్న ఒక అబ్బాయి తెచ్చిన కార్డులో బాసికం మసక, కళ్లు మసక. జడలో మల్లెలు మాత్రం రేకు రేకూ లెక్కపెట్టుకోవచ్చు. పార్టీవాళ్లు బ్యాలెన్స్ డబ్బు ఆపేశారట, పాపం ఆ పిల్లవాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా.

కాబట్టి కంటిన్యువస్ మోడ్ పెట్టండి, బటన్ నొక్కి ఉంచినంతసేపూ కెమెరా ఫోకస్ సరిచేసుకుంటూనే ఉంటుంది. కెనాన్‌లో సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి. మనుషులు కదులుతున్నంతసేపూ వేలు నొక్కే ఉంచండి. పళ్లెంలో మంగళసూత్రం, గుమ్మానికి తోరణం లాంటి కదలనివాటికే వేలు తీయండి. స్టేజి మీద గ్రూప్ ఫొటోలకు కూడా ఒకసారి ఫోకస్ చేసి వరసగా కొట్టేసేవాళ్లున్నారు. ఒక గుంపు దిగి ఇంకో గుంపు ఎక్కితే నిలబడే చోటు మారుతుంది. ప్రతి గుంపుకీ మళ్లీ నొక్కాల్సిందే. ముందువరసా వెనకవరసా షార్ప్‌గా రావాలంటే అపర్చర్ కూడా ఎఫ్ 5.6 దాకా తీసుకెళ్లండి.

ఇంకొక మాట. కంటిన్యువస్‌లో చాలా కెమెరాలు ఫోకస్ అందకపోయినా క్లిక్ కొట్టేస్తాయి, బీప్ రాదు. క్లిక్ పడింది కదా అని నమ్మకండి, మధ్యమధ్యలో జూమ్ చేసి కళ్లు చూసుకోండి.

అపోహ: వెనక బటన్ నొక్కడం మొదలుపెడితే చాలు.

చాలదు. షట్టర్ బటన్ నుంచి ఫోకస్ తీసేయకపోతే సగం నొక్కగానే అది మళ్లీ ఫోకస్ వెతుక్కుంటుంది, మీరు వేలితో చేసిందంతా వృథా. కెనాన్‌లో షట్టర్ బటన్‌ని మీటరింగ్ స్టార్ట్‌కి (వెలుతురు కొలవడానికి మాత్రమే) మార్చాలి. నికాన్‌లో ఏఎఫ్ యాక్టివేషన్‌ని ఏఎఫ్-ఆన్ ఓన్లీ చేయాలి. సోనీలో ఏఎఫ్ విత్ షట్టర్ ఆఫ్ చేయాలి. ఏఎఫ్-ఆన్ బటన్ లేని చాలా కెమెరాల్లో ఏఈ లాక్ (ఎక్స్‌పోజర్ లాక్ చేసే) బటన్‌కి ఆ పని అప్పజెప్పుకోవచ్చు.

ఇక మిగతా పుకార్లు. దీంతో ఫొటో ఎక్కువ షార్ప్‌గా వస్తుందా? రాదు, ఫోకస్ చేసే సిస్టమ్ అదే. షట్టర్ స్పీడ్ తక్కువైతే చెయ్యి వణుకు ఎలాగూ కనబడుతుంది. మోటార్ అరిగిపోతుందా? ఏ బటన్ నొక్కినా తిరిగేది ఒకే మోటార్, ఈ మాట ఎవరు పుట్టించారో! కొత్త ఫ్యాషనా? కెనాన్ 1989లోనే ఈఓఎస్ 630 ఫిల్మ్ కెమెరాలో ఇచ్చింది.

కళ్లను తనే వెతికి పట్టుకునే ఐ ఏఎఫ్ వచ్చాక ఇది దండగ అనేవాళ్లకు మాత్రం రోళ్లపాడు అభయారణ్యం వెళ్లి చూడమంటాను. గడ్డిలో కృష్ణజింక నిలబడి ఉంటే కెమెరా ముందున్న గడ్డిపరకను పట్టుకుంటుంది. అక్కడ జింక మీద ఫోకస్ అందగానే వేలు తీసేస్తాను, గడ్డి ఊగినా ఫోకస్ అక్కడి నుంచి కదలదు. అది పరుగందుకుంటే మళ్లీ నొక్కిపెడతాను. మెనూ జోలికి వెళ్లకుండా రెండు పనులూ ఒక్క వేలితో అయిపోతాయి. దీని అసలు ఉపయోగం ఇదే. ఐ ఏఎఫ్ కావాలంటే అదీ ఇదే బటన్‌తో నడుస్తుంది.

పెళ్లికి ముందురోజు మాత్రం ఈ సెట్టింగ్ మార్చకండి. సాయంత్రాలు కొండారెడ్డి బురుజు దగ్గర నడిచి వచ్చేవాళ్ల మీద సాధన చేయండి. వేలు దానంతట అది కదలడం మొదలయ్యేదాకా పెళ్లిళ్లకు షట్టర్ ఫోకస్‌తోనే వెళ్లండి. కెమెరా అసిస్టెంట్ చేతికి ఇచ్చేటప్పుడు షట్టర్ ఫోకస్ ఆన్ చేసి ఇవ్వండి, లేకపోతే అతను కూడా లెన్స్ పోయిందనే అనుకుంటాడు.