బూరె గారె అయిన వైనం

చిన్నోడికీ, వాడి అక్కకీ తాతయ్య దీవెనలు.

ఒరేయ్ చిన్నోడా, మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి మీ అమ్మ "ఛీ, అవేం మాటలు" అని ఫోను లాగేసుకుంది గానీ, నాకు రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. "తాతయ్యా, గుడ్డులో కప్పపిల్లకి ముందు నోరొస్తుందా, ముడ్డొస్తుందా?" అన్నావు. అన్నం లోపలికి పోయే దారి గురించి అడగొచ్చట, బయటికొచ్చే దారి ఊసెత్తకూడదట! ఆ రెండో దారి ఒక్కరోజు మొరాయిస్తే ఇంటిల్లిపాదీ దాని గురించే మాట్లాడతారు. మీ అమ్మకి చెప్పు, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నారని.

కప్పకైతే వెనకదే ముందు.

ఎలాగంటే, అమ్మమ్మ గారెలు వేసేటప్పుడు చూశావుగా. తడి చేత్తో అరిటాకు మీద మినప్పిండి ముద్ద పెట్టి, కాస్త ఒత్తి, నడిమధ్య వేలితో కంత పెట్టి నూనెలోకి జారుస్తుంది. మనమంతా పొడుగ్గా సాగదీసిన గారెలమే. ఈ కొసన నోరు, ఆ కొసన అది, మధ్యలో కంత. ఆ కంతే పేగు. గారె కంతలో వేలు పెడితే వేలు గారె లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా? నీ కడుపులో ఉన్న మామిడిపండు సంగతీ అంతే. దీని మీద అక్కా నువ్వూ కొట్టుకోండి.

అయితే గుడ్డు గారెలా మొదలవదు, బూరెలా మొదలవుతుంది. కప్పగుడ్డు ముందు ఒక్కటే కణం. రెండవుతుంది, నాలుగవుతుంది, ఎనిమిదవుతుంది. అలా అయ్యీ అయ్యీ లోపల డొల్లగా ఉండే ఉండ తయారవుతుంది, పూర్ణం పెట్టడం మర్చిపోయిన బూరెలాగ. పైభాగం నల్లగా, సొన ఉన్న అడుగుభాగం పాలిపోయి ఉంటుంది. ఆ రెండు రంగులూ కలిసే చోటికి కాస్త కింద గోరుతో నొక్కినట్టు ఒక గీత పడుతుంది, నెలవంకంత. ఎవరూ నొక్కరు. కణాలే, రేవులో పంటు ఎక్కే జనంలా, ఒకదాని వెనక ఒకటి ఆ గీతలోంచి లోపలికి జారిపోతాయి. నెలవంక పెరిగి గుండ్రమవుతుంది. మధ్యలో తెల్లటి సొన సీసాకి బిరడా పెట్టినట్టు కనిపిస్తుంది, తర్వాత అదీ లోపలికి పోతుంది. ఆ కంత ఉన్నచోటే కప్పకి వెనక ద్వారం. లోపల తయారైన సొరంగం ముందుకు సాగి అవతలి గోడను తాకుతుంది. అక్కడ చివర్న, తీరిగ్గా, రెండో కంత పడుతుంది. అదీ నోరు.

ఎంత తీరిగ్గా అంటే, గుడ్డులోంచి బయటికొచ్చాక కూడా పడదు. ఇది నేను పుస్తకంలో చదవక ముందే ఒక పాపం చేసి తెలుసుకున్నాను.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆరుద్ర కార్తె వానలు. ఆకుమడి గట్టు పక్కన సగ్గుబియ్యం పాయసం ఒలికినట్టు కప్పగుడ్లు. దోసిలితో తెచ్చి హార్లిక్స్ సీసాలో వేసి, అరుగు మీద గూట్లో దాచాను. రెండోనాటికి పిల్లలు వచ్చేశాయి, జీలకర్ర గింజల్లా. ఈదవు, తిరగవు, సీసా గోడకి అతుక్కుని వేలాడుతున్నాయి. ఆకలేమోనని అన్నం మెతుకులు వేశాను. తినలేదు. ఇంకాసిని వేశాను. నీళ్లు పులిసి కంపు కొట్టి, నాలుగోనాటికి అన్నీ పైకి తేలాయి. మా నాయనమ్మ సీసా పెరట్లో ఒంపేస్తూ, "నోరు లేని జీవాల్ని పొట్టన పెట్టుకున్నావు కదరా" అంది. ఆవిడ మామూలుగా అన్న మాటే. అది అక్షరాలా నిజమని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. వాటికి ఇంకా నోరు తెరుచుకోలేదు! పొట్టలో ఉన్న సొనే వాటికి చద్దన్నం. గడ్డం కింద జిగురు బొడిపెలతో దేనికో ఒకదానికి అంటుకుని, నోరు పడేదాకా అలా వేలాడతాయి. అడక్కుండా అన్నం పెట్టడం కూడా ఒక్కోసారి తప్పేరా.

1908లో కార్ల్ గ్రోబెన్ అనే ఆస్ట్రియా ఆయన జంతువుల్ని ఈ లెక్కనే రెండు జట్లు చేశాడు. మొదటి కంత నోరైనవి ఒక జట్టు, నోరు తర్వాత వచ్చినవి రెండోది. నత్తలు, వానపాములు, రొయ్యలు మొదటి దాంట్లో. కప్పలు, చేపలు, మనం రెండో దాంట్లో, సముద్రంలో ఉండే నక్షత్రచేపలు కూడా మన జట్టే. జెల్లీఫిష్ ఏ జట్టులోనూ లేదు. దానికి ఉన్నది ఒకటే కంత, తిన్నదీ విడిచిందీ అందులోంచే. అది గారె అవని బూరె.

ఇక్కడిదాకా నా గారె బాగానే వేగింది. ఆ తర్వాత విరిగింది. వివిపారస్ అని ఒక మంచినీటి నత్త ఉంది, నోటి జట్టుదే. దాని మొదటి కంత వెనకదైపోయింది! రొయ్యకి నోరూ వెనకదీ రెండూ పైచర్మం లోపలికి నొక్కుకుని విడివిడిగా ఏర్పడతాయి. అందుకే అది గుల్ల మార్చినప్పుడు పొట్ట లోపలి పొరని కూడా విడిచేస్తుంది. హేచరీలో పనిచేసే కుర్రాణ్ని అడుగు, నాప్లీకి, అంటే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన రొయ్యపిల్లకి, మేత వెయ్యరు, అదీ సొన మీదే బతుకుతుంది. ఇక నీ సంగతా? జట్టు కప్పదే గానీ, అమ్మ కడుపులో నీకు నోటి పొర నాలుగో వారంలోనే చిరిగింది, వెనక పొర ఏడెనిమిది వారాలకి. ఎందుకలా అని మళ్లీ ఫోను చెయ్యకు. నేను చెప్పినకొద్దీ గారె ముక్కలవుతోంది.

దానికంటే ఇక్కడికి రండి. కాలవలకి నీళ్లు వదిలారు, రాత్రిళ్లు కప్పలు నిద్రపోనివ్వడం లేదు. కొబ్బరితోట వెనక బోదెలో తెల్లారగట్టే చూస్తే ఆ రాత్రి పెట్టిన గుడ్లు దొరుకుతాయి. నాలుగంటే నాలుగే తీసి, ఆ బోదె నీళ్లే పోసి గాజు గ్లాసులో ఉంచు. గీత అడుగువైపు పడుతుంది కాబట్టి గ్లాసు కింద అమ్మ బొట్టు అద్దం పెట్టి, పక్కనుంచి భూతద్దంతో చూడు. గోరు గుర్తు కనిపించగానే నన్ను లేపు, నిద్రలో ఉన్నా సరే. కాస్త నాచు వెయ్యి, అతుక్కోడానికి. అన్నం మాత్రం వెయ్యకు.

మీ
తాతయ్య