ఎండోస్కోపీ రిపోర్టులో ఆ మాటలకు అర్థమేంటి?

ఎండోస్కోపీ అయ్యాక చేతికి ఒక రంగుల కాగితం ఇస్తారు. పైన నాలుగైదు గులాబీ రంగు ఫొటోలు, కింద పొట్టి పొట్టి లైన్లు. "ఏం లేదమ్మా, కొంచెం గ్యాస్ట్రైటిస్ ఉంది, మందులు వాడండి" అని చెప్పి డాక్టరుగారు తర్వాతి పేషెంటును పిలుస్తారు. ఇంటికొచ్చాక మొదలవుతుంది టెన్షన్. ఎరోజన్స్ అట, లాక్స్ ఎల్ఈఎస్ అట, చివర్లో 'బయాప్సీ టేకెన్' అట!

రిపోర్టు రాసే వరుస, గొట్టం లోపలికి వెళ్లే వరుసే. ముందు అన్నవాహిక, తర్వాత జీర్ణాశయం, ఆఖరున చిన్నపేగు మొదటి భాగం. మామూలు ఎండోస్కోపీ అక్కడితో ఆగిపోతుంది. మిగతా చిన్నపేగు గానీ పెద్దపేగు గానీ దీనికి కనిపించవు. మొలలకో, మలబద్ధకానికో కారణం ఈ కాగితంలో వెతికితే దొరకదు.

అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. కానీ రిపోర్టులో 'జెడ్ లైన్ ఎట్ 38 సీఎం' అని ఉంటుంది. ఆ కొలత ముందు పళ్ల దగ్గర నుంచి వేసినది. అన్నవాహిక పాలిపోయిన రంగు ముగిసి జీర్ణాశయం ఎర్రదనం మొదలయ్యే వంకరటింకర గీతే జెడ్ లైన్. ఛాతీకీ కడుపుకీ మధ్యనుండే డయాఫ్రమ్ కండరం బిగించి పట్టుకున్న చోటికి దగ్గర్లోనే అది ఉండాలి. రెండు సెంటీమీటర్లకు మించి పైకి జారితే 'హయాటస్ హెర్నియా' అని రాస్తారు. హెర్నియా అనగానే ఆపరేషనే గుర్తొస్తుంది గానీ, చిన్నదైతే చాలామందికి ఆ అవసరం రాదు. ఎల్ఈఎస్ అంటే అన్నవాహిక అడుగున ఉండే కండరపు వలయం. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. అది వదులుగా ఉన్నట్టు చూసినవారి కంటికి అనిపిస్తే 'లాక్స్' అంటారు. దాని బిగువును నిజంగా కొలవాలంటే మానోమెట్రీ అనే వేరే పరీక్ష ఉంది. కాబట్టి ఆ ఒక్క మాటనే జబ్బుగా తీసుకోనక్కర్లేదు.

యాసిడ్ పైకి తన్ని అన్నవాహిక పొర చెదిరితే ఈసోఫజైటిస్. దాని పక్కన 'ఎల్ఏ గ్రేడ్' అని ఏ నుంచి డి దాకా ఒక అక్షరం ఉంటుంది. ఎల్ఏ అంటే లాస్ ఏంజెలెస్. 1994లో అక్కడ జరిగిన ప్రపంచ గ్యాస్ట్రోఎంటరాలజీ మహాసభలో ఈ కొలతను ముందుకు తెచ్చారు. చెదిరిన గీతలు 5 మిల్లీమీటర్లు దాటకపోతే ఏ, దాటితే బి. అవి ఒక మడత నుంచి ఇంకో మడతకు పాకితే సి. అన్నవాహిక చుట్టుకొలతలో ముప్పాతిక వంతుకు గానీ అంతకు మించి గానీ అలముకుంటే డి. ఎలాంటి బాధా లేనివాళ్లలోనూ గ్రేడ్ ఏ అప్పుడప్పుడు కనిపిస్తుంది. సి, డి మాత్రం తేలిగ్గా తీసుకునేవి కావు.

ఇక జీర్ణాశయం. పైనుండే గోపురంలాంటి భాగం ఫండస్, మధ్యది బాడీ, కిందిది యాంట్రమ్. మన రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే మాట 'యాంట్రల్ గ్యాస్ట్రైటిస్', అంటే యాంట్రమ్‌లో వాపు. నన్నడిగితే అంత ఎక్కువగా రాసి, అంత తక్కువ చెప్పే మాట ఇంకోటి లేదు. గొట్టంలోంచి చూసినప్పుడు ఆ భాగం ఎర్రగా ఉందనే చాలాసార్లు దానర్థం. నిజంగా వాపు ఉందో లేదో తేల్చేది మైక్రోస్కోపు. కంటికి కనిపించే ఎరుపుకూ, మైక్రోస్కోపులో కనిపించే వాపుకూ తరచుగా పొంతన కుదరదు. 'ఎరోజన్' అంటే పైపొర మాత్రమే చెదరడం. అది ఇంకా లోతుకు దిగితే అల్సర్.

బయాప్సీ అనగానే క్యాన్సర్ అనుమానమేనని కంగారుపడతారు. జీర్ణాశయంలో అల్సర్ కనిపిస్తే అది క్యాన్సర్ కాదని రూఢి చేసుకోవడానికి ముక్క తీసే మాట నిజమే. కానీ రెండు మూడు మిల్లీమీటర్ల ఆ ముక్కను చాలాసార్లు తీసేది ఆర్‌యూటీ (ర్యాపిడ్ యూరియేజ్ టెస్ట్) కోసం, అంటే గ్యాస్ట్రైటిస్‌కూ అల్సర్లకూ కారణమయ్యే ఒక క్రిమి ఉందో లేదో చూసే పరీక్ష కోసం. పసుపుపచ్చ జెల్ ఉన్న చిన్న గుంటలో ఆ ముక్కను గుచ్చి పెడతారు. అందులో హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా ఉంటే దాని యూరియేజ్ ఎంజైము జెల్‌లోని యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. దాంతో క్షారగుణం పెరిగి పసుపు రంగు కాస్తా గులాబీలోకి మారుతుంది. కొన్నిసార్లు నిమిషాల్లోనే! ఆ యాసిడ్‌లో ఈ క్రిమి బతకగలుగుతున్నది కూడా తన చుట్టూ అమ్మోనియాను తయారుచేసుకునే.

అల్సర్లకు టెన్షన్, మసాలాలే కారణమని ప్రపంచమంతా నమ్మిన రోజుల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ క్రిమిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్దిరోజుల్లోనే వికారం, వాంతులు, ఎండోస్కోపీలో గ్యాస్ట్రైటిస్. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆర్‌యూటీ నెగెటివ్ వచ్చిందని వెంటనే సంబరపడకండి. పాంటాప్రజోల్‌లాంటి మాత్రలు వాడుతూ పరీక్షకు వెళ్తే క్రిమి ఉన్నా దొరక్కపోవచ్చు. కనీసం రెండు వారాల ముందు వాటిని, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్‌ను ఆపి ఉండాలి. ఆపవచ్చో లేదో డాక్టరునే అడగాలి.

ఆ మాత్రలనే మనవాళ్లు గ్యాస్ ట్యాబ్లెట్లంటారు. అవి గ్యాస్ జోలికే పోవు. జీర్ణాశయం గోడలో యాసిడ్‌ను బయటికి తోసే పంపులను ఆపుతాయి. అదీ పనిలో ఉన్న పంపులనే. ఆ పంపులను లేపేది తిండి కాబట్టే టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోమంటారు. తిన్నాక మంట మొదలయ్యాక వేసుకుని, పనిచేయలేదని తిట్టుకుంటే దాని తప్పేముంది? ఇంకో మాట: ఛాతీలో పట్టేసినట్టుండి చెమటలు పోస్తుంటే మాత్ర వేసుకుని పడుకోవద్దు, ముందు ఈసీజీ తీయించండి. కొన్ని గుండెపోట్లు గ్యాస్ నొప్పిలాగే మొదలవుతాయి.

చివర్లో డీ1, డీ2 అనేవి చిన్నపేగు మొదటి, రెండో భాగాలు. చాలా కాగితాల్లో వాటి పక్కన 'నార్మల్' అనే ఉంటుంది. మొత్తం రిపోర్టే నార్మల్ వచ్చినా కడుపులో మంట, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోవడం తగ్గనివాళ్లు బోలెడంతమంది. దాన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. నొప్పి కల్పించుకున్నది కాదు. జీర్ణాశయం సాగే తీరులో, నరాలు స్పందించే తీరులో తేడా ఉంటుంది, అది కెమెరాకు చిక్కదు. అలాంటివాళ్లు ఏడాదికోసారి ఎండోస్కోపీ చేయించుకుంటే కొత్తగా తెలిసేది పెద్దగా ఉండదు. ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నల్లటి విరేచనం మొదలైతే మాత్రం పాత రిపోర్టు నార్మలేగా అని ఊరుకోకూడదు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకూ మలం నల్లగానే వస్తుంది. కానీ అది లోపల రక్తం పోతున్నప్పటిలా జిగటగా, తారులా, ముక్కు పగిలే కంపుతో ఉండదు.